కాలదోషం: ఒక ప్రోనోటు, ఒక టీ ఫ్రాంచైజీ, నాలుగు వందల ఏళ్ల గడియారం

ఈ రోజు ఎపిసోడ్‌లో రాజుల యుద్ధాలు లేవు, కోటలు లేవు. ఒక్క వాక్యం ఉంది. ఒక అగ్రిమెంట్‌లో పదిహేడో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న వాక్యం. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మన భాషలో చెప్తాను వినండి. ఫ్రాంచైజీ తీసుకున్నవాళ్లకి కంపెనీ నుంచి ఏదైనా రావాల్సి ఉంటే, ఆ కారణం పుట్టిన 90 రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలి. అడగకపోతే ఆ హక్కు శాశ్వతంగా రద్దయిపోతుంది. అంతే.

ఈ వాక్యం వల్ల మా పిన్ని కొడుక్కి మూడు లక్షలు పోయాయి.

వాడు 2021 చివర్లో ఒక టీ, స్నాక్స్ బ్రాండ్ ఫ్రాంచైజీ తీసుకున్నాడు. పేరు చెప్పను, అవసరం లేదు. షాపు నడవలేదు. 2022 మే నెలలో షట్టర్ దించేశాడు. మూసేసిన 60 రోజుల్లో డిపాజిట్ వెనక్కి ఇస్తామని అగ్రిమెంట్‌లోనే ఉంది. ఇవ్వలేదు. వీడు ఫోన్లు చేశాడు. "అకౌంట్స్ వాళ్లతో మాట్లాడుతున్నాం సార్" అన్నారు. మళ్లీ చేశాడు, మళ్లీ అదే మాట. డిసెంబర్‌లో అటువైపు గొంతు మారింది. "మీరు రాతపూర్వకంగా ఎప్పుడూ అడగలేదు కదండీ, 90 రోజులు దాటిపోయింది, పదిహేడో పేజీ చూసుకోండి" అన్నారు. వీడు చూశాడు. నిజమే, ఉంది. సంతకం కూడా తనదే. ఇక నోరు మూసుకుని ఊరుకున్నాడు.

2025 అక్టోబర్‌లో ఇంట్లో పెళ్లికి అందరం కలిసినప్పుడు గానీ ఆ విషయం బయటపడలేదు. నాకు తెలిసిన ఒక లాయర్ గారికి ఆ కాగితాలు చూపించాం. ఆయన చదివి ముందు ఒక మాట అన్నారు: "ఈ 90 రోజుల క్లాజు మన దేశంలో చెల్లదు బాబూ." మావాడి మొహం వెలిగిపోయింది. ఆ వెంటనే రెండో మాట చెప్పారు. "కానీ చట్టం ఇచ్చే అసలు గడువు మూడేళ్లు. అది మొన్న జూలైతో అయిపోయింది."

చూశారా? చెల్లని గడువుకి భయపడి, చెల్లే గడువుని పోగొట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి నాకు ఒకటే ప్రశ్న. న్యాయంగా రావాల్సిన డబ్బుకి ఎక్స్‌పైరీ డేట్ ఏంటి? ఎవరు పెట్టారు దీన్ని, ఎందుకు పెట్టారు? ముందే చెప్తున్నా, నేను లాయర్ని కాదు. చరిత్ర చెప్పేవాణ్ని. ఆ చరిత్రే చెప్తాను.

రాజుగారి పట్టాభిషేకంతో మొదలు

"మాకు రావాల్సింది ఎన్నాళ్ల వరకు అడగొచ్చు" అనే ప్రశ్న చాలా పాతది. రోమన్ సామ్రాజ్యంలో క్రీ.శ. 424లో రెండో థియోడోసియస్ చక్రవర్తి 30 ఏళ్లు దాటిన దావాలు చెల్లవని శాసనం చేశాడు. మన దగ్గర యాజ్ఞవల్క్య స్మృతిలో కూడా ఇలాంటిది ఉంది. యజమాని కళ్లముందే వేరేవాడు భూమిని 20 ఏళ్లు అనుభవిస్తూ ఉంటే, యజమాని నోరెత్తకపోతే, అతను నష్టపోతాడు. వస్తువులకైతే పదేళ్లు. దీని మీద మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు కాస్త జాలి చూపించాడు. పోయేది భూమి కాదు, ఆ ఇన్నేళ్ల ఫలసాయం మాత్రమే అని అర్థం చెప్పాడు. అంటే గడువు కఠినంగా ఉండాలా, మెత్తగా ఉండాలా అన్న వాదన అప్పుడే ఉందన్నమాట.

అప్పుల విషయంలో మాత్రం మన సంప్రదాయం వేరు. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలి. ఋణశేషం ఉంచకూడదని మన పెద్దలు ఇప్పటికీ అంటారు. వడ్డీ అసలుని మించకూడదని దామ్‌దుపట్ అనే కట్టుబాటు ఉండేది. వడ్డీకి హద్దు ఉంది గానీ, అప్పుకి కాలం తీరడం అనే ఆలోచన బలంగా లేదు.

ఇంగ్లండ్‌లో కథ తమాషాగా ఉంటుంది. అక్కడ మొదట్లో గడువుని ఏళ్లలో కాదు, ఒక తేదీతో కొలిచేవాళ్లు. 1275లో చేసిన వెస్ట్‌మినిస్టర్ శాసనం, భూమి హక్కుల దావాల్లో 1189కి ముందు జరిగినవాటిని తవ్వొద్దు అంది. 1189 ఏంటి? మొదటి రిచర్డ్ రాజైన సంవత్సరం. పాత రోజులు గడిచేకొద్దీ ఆ తేదీ వెనక్కి వెళ్లిపోతూనే ఉంది, చాలాకాలం దాన్ని ఎవరూ ముందుకు జరపలేదు. 1623లో, మొదటి జేమ్స్ రాజు కాలంలో, లిమిటేషన్ చట్టం చేశారు. మామూలు అప్పులకి, ఒప్పందాలకి ఆరేళ్లు. వాటికి గడియారం గొడవ మొదలైన రోజు నుంచి తిరగడం మొదలుపెట్టింది.

దీనికి చెప్పే కారణం వింటే మనకీ న్యాయంగానే అనిపిస్తుంది. మీరు బాకీ తీర్చేశారు అనుకోండి. రసీదు పదేళ్లు దాచారు. ఇల్లు మారినప్పుడు పోయింది. సాక్షి చనిపోయాడు. ఇరవై ఏళ్ల తర్వాత వాళ్ల మనవడొచ్చి పాత కాగితం చూపించి "డబ్బు కట్టు" అంటే ఏం చేస్తారు? అందుకే గడువు. అది అప్పున్నవాడికి రక్షణ.

కాగితం మీద బాగానే ఉంది. ఇప్పుడు మన దేశంలో ఏం జరిగిందో చూద్దాం.

1859: మేలు చేయబోయి

ఇంటర్ హిస్టరీ చదివినవాళ్లకి దక్కన్ అల్లర్లు గుర్తుండే ఉంటాయి. బ్రిటిష్ వాళ్లు 1859లో లిమిటేషన్ చట్టం తెచ్చారు. రైతు రాసిచ్చిన మామూలు అప్పు పత్రానికి గడువు మూడేళ్లు. వడ్డీ ఏళ్లతరబడి కొండలా పేరుకుపోకుండా ఆపడం ఉద్దేశం.

షావుకార్లు ఏం చేశారు? మూడో ఏడాది చివర్లో రైతు దగ్గరికి వెళ్లేవాళ్లు. పాత అసలు, తీరని వడ్డీ రెండూ కలిపి, ఆ మొత్తాన్ని కొత్త అసలుగా చూపించి, కొత్త పత్రం రాయించేవాళ్లు. వేలిముద్ర వేయించేవాళ్లు. దాని మీద మళ్లీ వడ్డీ. మూడేళ్లకి మళ్లీ ఇంకో పత్రం. చదువురాని రైతుకి అందులో ఏం రాశారో తెలీదు. కట్టినదానికి రసీదు లేదు. వడ్డీ పెరగకుండా ఆపడానికి పెట్టిన గడువే, మూడేళ్లకోసారి వడ్డీని అసలుగా మార్చే యంత్రం అయిపోయింది.

1875 మే 12న పుణె జిల్లా సూపా గ్రామంలో రైతులు తిరగబడ్డారు. అక్కడ గమనించాల్సింది ఒకటుంది. వాళ్ల కోపం ముఖ్యంగా కాగితాల మీద. లెక్కల పుస్తకాలు, అప్పు పత్రాలు లాక్కుని తగలబెట్టారు. అది అహ్మద్‌నగర్ జిల్లాకి కూడా పాకింది. ప్రభుత్వం కమిషన్ వేసింది. 1879లో దక్కన్ రైతుల ఉపశమన చట్టం వచ్చింది. అందులో రైతుల అప్పుల మీద దావా గడువుని పొడిగించారు. ఎందుకంటే గడువు చిన్నదైతే బాకీదారుడికే మంచిదన్న లెక్క తప్పని తేలింది.

నాకు ఇక్కడ అర్థమైంది ఇది. గడియారం ఎవరి చేతిలో ఉంటే లాభం వాళ్లది. అది మూడేళ్లా, ఆరేళ్లా అన్నది తర్వాతి సంగతి.

తాతయ్య ట్రంకు పెట్టె

మన ఊళ్లలో ఈ గడియారం అందరికీ తెలుసు. "నోటుకి కాలదోషం పట్టింది" అనే మాట మీ ఇంట్లో పెద్దవాళ్ల నోట వినే ఉంటారు. ఎంత మంచి మాటో చూడండి. నోటు తప్పు కాదు, మనిషి తప్పు కాదు, కాలం తెచ్చిన దోషం.

మా తాతయ్య పెద్దగా చదువుకోలేదు. ఆయన ట్రంకు పెట్టెలో ప్రోనోట్లు ఉండేవి. ఎవరికైనా అప్పిస్తే మూడేళ్లు నిండకముందే వాళ్లింటికి వెళ్లేవాడు. "ఏం రా, ఓ వంద ఉంటే ఇవ్వు" అనేవాడు. ఆ వంద తీసుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకునేవాడు. లేదంటే నోటు తిరగరాయించుకునేవాడు. చిన్నప్పుడు నేను అనుకునేవాణ్ని, వందకోసం ఇంత దూరం నడవాలా అని. ఆయన నడిచింది వందకోసం కాదు. వెనక ఉన్న సంతకం కోసం.

ఇప్పుడు అమల్లో ఉన్నది 1963 లిమిటేషన్ చట్టం. 1964 జనవరి 1 నుంచి అమలు. అందులో 18, 19 సెక్షన్లు చెప్పేది తాతయ్య చేసిందే. గడువు లోపల అవతలివాడు బాకీ ఉందని రాసి సంతకం పెట్టినా, కొంత కట్టి దాన్ని తన చేత్తో రాసినా, సంతకం చేసినా, అక్కణ్నుంచి కొత్త గడువు మొదలవుతుంది. ఇంకోటి, 3వ సెక్షన్ ఉంది. గడువు దాటాక దావా వేస్తే, అవతలివాడు ఆ మాట ఎత్తకపోయినా జడ్జిగారు దాన్ని కొట్టేయాల్సిందే. 'పాపం, తెలియక ఆగాడు' అనడానికి వీల్లేదు.

చికెన్ ముక్కల దేశం

ఇప్పుడు అమెరికా వెళ్దాం. ఎందుకంటే రెస్టారెంట్ ఫ్రాంచైజీ అనే వ్యాపారం పెరిగిందీ, దాని అగ్రిమెంట్లు లావెక్కిందీ అక్కడే.

1935లో హోవర్డ్ జాన్సన్ మసాచుసెట్స్‌లో తన పేరు వేరేవాళ్ల హోటల్‌కి ఇచ్చాడు. 1952లో కల్నల్ శాండర్స్ తన చికెన్ పద్ధతిని సాల్ట్ లేక్ సిటీలో పీట్ హర్మన్ అనే హోటల్ యజమానికి ఇచ్చాడు. అమ్మిన చికెన్‌కి ఇన్ని సెంట్లు అని లెక్క. 1955లో రే క్రాక్ ఇల్లినాయ్‌లోని డెస్ ప్లెయిన్స్‌లో తన మొదటి మెక్‌డొనాల్డ్స్ తెరిచాడు. మొదట్లో ఇవి మనుషుల మధ్య నమ్మకాలు. తర్వాత కాగితాలు పెరిగాయి.

1960ల చివర్లో ఫ్రాంచైజీ పిచ్చి పట్టింది. నాష్‌విల్‌లో మినీ పెర్ల్స్ చికెన్ అని ఒక కంపెనీ వచ్చింది. మినీ పెర్ల్ అంటే అప్పట్లో ఇంటింటా తెలిసిన హాస్యనటి. ఆమె పేరు చూసి జనం ఎగబడ్డారు. కంపెనీ ఫ్రాంచైజీ హక్కులైతే వందల్లో అమ్మింది గానీ, నిజంగా తెరుచుకున్న షాపులు వాటిలో చిన్న భాగమే. ఇంకా తెరవని షాపుల ఫీజులని కూడా లాభంగా లెక్కల్లో చూపించింది. కొన్నాళ్లకే కుప్పకూలింది. ఇంకో పక్క చికెన్ డిలైట్ అనే గొలుసు ఉండేది. వీళ్లు ఫ్రాంచైజీ ఫీజు తీసుకోరు, రాయల్టీ అడగరు. కానీ కుక్కర్లు, ఫ్రయ్యర్లు, పిండి మిశ్రమం, ప్యాకింగ్ అన్నీ తమ దగ్గరే కొనాలి, బయటి రేటు కంటే ఎక్కువకి. ఫ్రాంచైజీ వాళ్లు కోర్టుకెళ్లారు. 1971లో అప్పీలు కోర్టు ఆ షరతు చట్టవిరుద్ధం అంది.

ఇలాంటి అనుభవాల తర్వాత చట్టాలు వచ్చాయి. కాలిఫోర్నియా 1970లో ఫ్రాంచైజీ చట్టం చేసింది, 1971లో అమలైంది. 1978లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన వచ్చింది. సంతకానికి ముందే కంపెనీ తన వివరాలన్నీ రాసి ఇవ్వాలి. ఇప్పుడైతే సంతకానికి కనీసం 14 రోజుల ముందు, 23 అంశాలతో. వాటిలో 17వ అంశం గొడవలొస్తే ఏంటి, అగ్రిమెంట్ రద్దు చేస్తే ఏంటి అన్నది చెప్తుంది.

మరి గడియారం? కాలిఫోర్నియా చట్టం కింద కంపెనీ నిజం దాచి ఫ్రాంచైజీ అమ్మితే, అది జరిగిన నాలుగేళ్ల లోపల గానీ, విషయం తెలిసిన ఏడాది లోపల గానీ, కంపెనీయే తప్పు ఒప్పుకుంటూ నోటీసిచ్చిన 90 రోజుల లోపల గానీ కేసు వేయాలి. ఈ మూడింట్లో ఏది ముందు అయిపోతే అదే ఆఖరు. మేరీలాండ్‌లో మూడేళ్లు. రాష్ట్రానికో లెక్క.

దీని మీద కంపెనీల లాయర్లు ఇంకో తాళం వేశారు. అగ్రిమెంట్‌లోనే గడువు కుదించడం. చాలా ఫ్రాంచైజీ అగ్రిమెంట్లలో "ఏ క్లెయిమ్ అయినా ఏడాదిలోపు" అని ఉంటుంది. తరచుగా దానికి ఒక మినహాయింపు కూడా ఉంటుంది: కంపెనీకి రావాల్సిన రాయల్టీలకి, ఫీజులకి ఈ ఏడాది వర్తించదు. మీ గడియారం వేగంగా తిరుగుతుంది, వాళ్లది నింపాదిగా.

ఈ తెలివి ఫ్రాంచైజీల వాళ్లది కాదు. ఇన్సూరెన్స్ వాళ్లది. 1868లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకి రిడిల్స్‌బార్గర్ కేసు వచ్చింది. హార్ట్‌ఫర్డ్ ఇన్సూరెన్స్ పాలసీలో, అగ్నిప్రమాదం జరిగిన 12 నెలల్లోపు దావా వేయాలని ఉంది. ఆయన వేశాడు కూడా. ఆ దావా మధ్యలో ఆగిపోయింది. మళ్లీ వేసేసరికి 12 నెలలు దాటాయి. మిస్సోరీ రాష్ట్ర చట్టం మళ్లీ వేసుకోవడానికి సమయం ఇస్తుంది. అయినా కోర్టు, మీరు ఒప్పుకున్న గడువే గడువు అంది. అప్పటినుంచి అక్కడ సూత్రం ఏంటంటే, ఒప్పందంలో గడువు తగ్గించుకోవచ్చు, అది మరీ అన్యాయంగా లేకపోతే చాలు.

కానీ అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోలేదు. ఫ్లోరిడాలో అలా తగ్గించే షరతు చెల్లదు. టెక్సస్‌లో రెండేళ్ల కంటే తక్కువైతే చెల్లదు. న్యూయార్క్‌లో రాసుకుంటే చెల్లుతుంది. అమెరికాలో ఉండి ఫ్రాంచైజీ తీసుకుందాం అనుకుంటున్న మనవాళ్లెవరైనా వింటుంటే, మెనూ కంటే ముందు ఏ రాష్ట్ర చట్టం వర్తిస్తుందో చూసుకోండి.

మన 28వ సెక్షన్

ఇండియాకి వచ్చేద్దాం. మన దగ్గర ఫ్రాంచైజీలకి ప్రత్యేక చట్టం లేదు. 1872 కాంట్రాక్ట్ చట్టమే దిక్కు. అందులో 28వ సెక్షన్ మొదటినుంచీ ఒక మంచి మాట చెప్తోంది. కోర్టుకి వెళ్లే గడువుని ఒప్పందంతో తగ్గిస్తే ఆ మేరకు చెల్లదు.

మరి ఇంకేం సమస్య? సందు దొరికింది. "కోర్టుకి ఏడాదిలో వెళ్లాలి" అని రాస్తే చెల్లదు. కానీ "ఏడాదిలో వెళ్లకపోతే నీ హక్కే పోతుంది" అని రాస్తే? అది గడువు తగ్గించడం కాదు, హక్కుని ముగించడం అన్నారు. కోర్టులు ఈ తేడాని ఒప్పుకున్నాయి. అమెరికాలో లాగే ఇక్కడా ఇన్సూరెన్స్ పాలసీల మీదే ఈ గొడవలు ఎక్కువగా నడిచాయి. అంటే తలుపు మూయడం తప్పు, ఇల్లే కూల్చేస్తే తప్పు కాదు.

1984లో లా కమిషన్ తన 97వ నివేదిక మొత్తం ఈ ఒక్క విషయం మీదే రాసింది. ఈ తేడాకి అర్థం లేదు, బేరమాడే బలం లేనివాళ్లు దీనికి బలైపోతున్నారు, మార్చండి అంది. మార్చడానికి మన వ్యవస్థకి 13 ఏళ్లు పట్టింది. 1997 జనవరి 8న సవరణ అమల్లోకి వచ్చింది. హక్కుని ముగించే షరతు కూడా చెల్లదు. విచిత్రం ఏంటంటే, అదే ఏడాది మార్చిలో సుజీర్ గణేష్ నాయక్ కేసులో సుప్రీంకోర్టు, పాత చట్టం కింద రాసుకున్న పాలసీ కాబట్టి, 12 నెలల షరతు చెల్లుతుందని తీర్పిచ్చింది. రెండు నెలల క్రితమే మారిన చట్టం వాళ్లకి అందలేదు. తర్వాత 2013లో బ్యాంక్ గ్యారంటీలకి మాత్రం మినహాయింపు పెట్టారు, అది కూడా ఏడాదికి తగ్గకుండా.

కాబట్టి మావాడి పదిహేడో పేజీ 2022లో చెల్లని కాగితం. అది చెల్లదని ఆ కంపెనీకి అగ్రిమెంట్ రాసిచ్చినవాళ్లకి తెలియకుండా ఉంటుందా? నాకైతే నమ్మబుద్ధి కాదు. మరి ఎందుకు రాస్తారు? మావాడి లాంటివాళ్లు చదివి ఆగిపోతారు కాబట్టి. కోర్టులో నిలబడని షరతు కూడా ఫోన్‌లో పనిచేస్తుంది.

ఇక మనం

లాయర్ గారు ఆ రోజు ఇంకా వెతికారు. కోవిడ్ టైమ్‌లో సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని గడువులో లెక్కపెట్టొద్దు అంది. మావాడి గడియారం 2022 జూలైలో మొదలైంది, అది పనికిరాలేదు. కంపెనీ "డిపాజిట్ ఇవ్వాలి" అని ఒప్పుకుంటూ ఒక్క మెయిల్ అయినా పంపిందా? లేదు, అంతా ఫోన్లలోనే. మాట్లాడుతూ ఉన్నాం కదా, ఆ కాలం? మాటలు జరుగుతున్నంత మాత్రాన గడువు ఆగదని సుప్రీంకోర్టు 2023లో కూడా చెప్పింది. ఏదైనా మోసం దాచిపెట్టారా? 17వ సెక్షన్ ప్రకారం మోసం బయటపడిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. కానీ ఇక్కడ దాచింది లేదు. డబ్బు ఇవ్వలేదు, అంతే.

మూడు నెలల ముందొచ్చి ఉంటే ఒక నోటీసు, ఒక దావా. ఆయన ఆ మాట అంటుంటే మావాడు కాగితాలు మడత పెట్టుకుంటూ కూర్చున్నాడు.

మీలో ఎవరైనా బిర్యానీ పాయింటో, టీ స్టాలో ఫ్రాంచైజీ తీసుకుని ఉంటే నాలుగు పనులు చేయండి. అగ్రిమెంట్‌లో "క్లెయిమ్", "గడువు", "ఆర్బిట్రేషన్" అన్న చోట్ల ఆగి చదవండి. డబ్బు ఎప్పుడు రావాలో ఆ తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి, మూడేళ్లకి కాదు, రెండేళ్లకే అలారం పెట్టండి. ఫోన్‌లో అడిగింది అదే రోజు మెయిల్‌లో రాయండి, సంతకంతో జవాబు అడగండి. "మీ టైమ్ అయిపోయింది" అని అవతలివాడు చెప్తే వాడి మాట నమ్మి ఆగిపోకండి. వెంటనే ఒక లాయర్‌ని అడగండి. అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ ఉన్నా సరే, ఇదే లిమిటేషన్ చట్టం వర్తిస్తుంది.

మా తాతయ్యకి 18వ సెక్షన్ అంటే ఏంటో తెలీదు. మూడేళ్లు అన్న ఒక్క సంగతి తెలుసు, దానికోసం ఎండలో నడిచేవాడు. మావాడి చేతిలో ఉన్న ఫోన్‌లో చట్టం మొత్తం ఉంది. ఒక్కసారి వెతికితే దొరికేది. మూడేళ్లు వెతకలేదు, ఎందుకంటే పదిహేడో పేజీలో జవాబు ఆల్రెడీ దొరికిందనుకున్నాడు.

మీ ఇంట్లో కాలదోషం పట్టిన నోటు కథ ఏదైనా ఉంటే కామెంట్స్‌లో రాయండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.